సాంబ్రాణి డబ్బా మీది పేరు

కార్వాన్‌లో మాది సాంబ్రాణి దుకాణం. గుగ్గిలం, లోబాన్, చందనం పొడి కలిపి చేసే మా ధూపాన్ని శుక్రవారం పూజకు కొనేవాళ్లున్నారు, గురువారం దర్గాకు తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. డబ్బా మీద మా నానమ్మ పేరుండేది. ఆమె చనిపోయిన ఏడాది బాపు, ఆయన అన్న పెద్దబాపు కలిసి పెట్టిన పేరది.

తర్వాత గోదాం వాటాల దగ్గర అన్నదమ్ములకు మాట పెరిగింది. పెద్దబాపు చాంద్రాయణగుట్టకు వెళ్లి వేరే దుకాణం పెట్టుకున్నాడు. ఇద్దరూ అదే పేరుతో, అదే డబ్బాలో అమ్ముకున్నారు. ఒకరినొకరు ఆపలేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోనూ లేదు. కలిసి ఉన్న రోజుల్లో ఆఫీసుల చుట్టూ తిరిగే పని పెద్దబాపుదే కాబట్టి, బ్రాండూ దాని బార్‌కోడ్ నంబర్లూ ఆయన పేరు మీదే ఉండిపోయాయి.

డిగ్రీ అయ్యాక నేను బాపుతో పాటు దుకాణంలో కూర్చున్నాను. ఆన్‌లైన్‌లో అమ్ముదామని పట్టుబట్టింది నేనే. డబ్బా మీదున్న బార్‌కోడ్ నంబరే కొట్టి ఒక అమ్మకాల సైట్‌లో పేజీ తెరిచాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. మెచ్చుకుంటూ జనం రాసిన మాటలు నేను చదివి వినిపిస్తుంటే బాపు త్రాసు పక్కన పెట్టి మరీ వినేవాడు.

ఒకరోజు చూస్తే మా పేజీలో మా డబ్బా లేదు. పైన ఏదో కంపెనీ బ్రాండు, కింద చిన్న అక్షరాల్లో నానమ్మ పేరు, ధూప్ కోన్‌ల అట్టపెట్టె బొమ్మ. ఆర్డర్లు మాత్రం మాకే వస్తున్నాయి. ఎక్కడో ఏదో తప్పు పడిందనుకుని డబ్బాను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి సైట్ వాళ్లకు పంపాను. ఎన్నిసార్లు రాసినా ఒకే జవాబు: మీరిచ్చిన బ్రాండు ఈ బార్‌కోడ్‌కు సరిపోలడం లేదు. చివరికి ఫోన్‌లో వాళ్ల మనిషి ఒకమ్మాయి దొరికింది.

"మేడం, ఈ నంబరు మీ సంస్థ పేరు మీద లేదు. ఎవరిదో వాళ్లు ఒప్పుకుంటున్నట్టు రాసిస్తేనే సరిచేస్తాం" అంది.

అది పెద్దబాపుదే కదా, ఒక్క సంతకంతో అయిపోతుందనుకున్నాను. బాపుతో అదే చెప్పాను.

"ఆయన గడప తొక్కాల్నా నేను? పోతే పోనీ, ఆ పేజీ లేకుంటే బతకలేమా?" అన్నాడు.

ఆ తర్వాత వారం ఒకాయన పేజీలో రాశాడు: బొమ్మలో ఒకటుంది, వచ్చింది ఇంకొకటి, ఇది నకిలీ సరుకు అని. నేను చదవకుండా దాటేయబోతే బాపు పట్టుకున్నాడు. "ఏం రాసిండు? చదువు" అన్నాడు. చదివాను.

"నకిలీయా? మా అమ్మ పేరు నకిలీదా?" అన్నాడు. తెల్లారి స్కూటర్ తీసి, "ఎక్కు, పోయొద్దాం" అన్నాడు.

పెద్దబాపు చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. "రా తమ్మీ" అన్నాడు, అంతే. పెద్దమ్మ బాపును చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను ఫోన్‌లో పేజీ చూపించి, తప్పుపడిందని చెప్పాను. పెద్దబాపు ఆ బొమ్మను చాలాసేపు చూసి కళ్లద్దాలు తీశాడు.

"గిది తప్పు కాదు బిడ్డా. మోకాళ్లు పోయినయి, నిలబడి పని చేయలేకపోతున్న. దుకాణం బంద్ పెట్టిన. ఆ పేరు, ఆ నంబర్లు అన్నీ గా కంపెనోళ్లకే రాసిచ్చిన."

బాపు చేతిలో చాయ్ అలాగే ఉండిపోయింది. "అమ్మ పేరు అమ్ముకున్నవా అన్నా? నాకొక్క మాట చెప్పకపోతివి!"

"చెప్దామనే ఫోన్ చేసిన తమ్మీ. ఒక్కసారి గాదు. నువ్వు ఎత్తలే."

బాపు తల దించుకున్నాడు. ఆ ఫోన్ నాకూ గుర్తుంది. గల్లాపెట్టె మీద మోగుతుంటే బాపు నంబరు చూసి బోర్లా పెట్టేశాడు. ఎవరని అడిగితే ఎవరో అన్నాడు.

"నువ్వు ఎత్తుంటే నీకే ఇచ్చేటోణ్ణి. ఒక్క రూపాయి తీసుకోకపోదును" అన్నాడు పెద్దబాపు. అందులో కోపం లేదు. ఉంటే బాపుకు కాస్త తేలికయ్యేదేమో.

ఆ కంపెనీవాళ్లతో నేను మాట్లాడాను. మర్యాదగానే చెప్పారు, ఆ పేరు ఇక మేం వాడకూడదని. మా సంస్థ పేరు మీద కొత్త బార్‌కోడ్ నంబర్లు తీసుకున్నాను. కొత్త పేరు చెప్పమంటే బాపు "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు, పెద్దబాపూ అదే అన్నాడు. ఏ మనిషిదీ కాని పేరొకటి పెట్టాను. దరఖాస్తులో, డబ్బా మీద, పేజీలో ఒక్క అక్షరం తేడా లేకుండా రాయించాను. ఈసారి ఏ అడ్డూ లేకుండా పేజీ తెరుచుకుంది. పాత పేజీలో మా సాంబ్రాణిని మెచ్చుకున్న మాటలన్నీ ఆ కోన్‌ల కిందే ఉండిపోయాయి.

ఇప్పుడు బాపు ఆదివారాలు చాంద్రాయణగుట్ట వెళ్తున్నాడు. మోకాళ్ల గురించి, ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ గురించి ఇద్దరూ మాట్లాడుకుంటారు. సాంబ్రాణి ఊసు ఎవరూ ఎత్తరు.

మొన్న బాపు ఎక్కడినుంచో ఆ కంపెనీ పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. దుకాణంలో కోన్ ఒకటి వెలిగించి, అది పూర్తిగా కాలేదాకా దాని ముందే కూర్చున్నాడు. బాగాలేదని అంటాడేమోనని చూశాను.

"మంచిగనే ఉంది" అని లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.