మా మావగారి చేతికి రేసు కారు రిమోట్

మొన్నామధ్య ఓ ఆదివారం మా మావగారు నన్ను మెచ్చుకున్నారండి! ఆగండాగండి, అప్పుడే కంగ్రాట్స్ చెప్పేయకండి. ఎందుకు మెచ్చుకున్నారో వింటే టీ కప్పు కింద పెట్టేసి మరీ నవ్వుతారు. నవ్వండి, నాకేం? మా ఆవిడ సుజాత ఆ రోజు మొదలెట్టిన నవ్వు ఇంకా ఆపలేదు.

ముందు మా మావగారి సంగతి చెప్పాలి. రాజోల్లో హెడ్మాస్టారుగా చేసి రిటైరయ్యేరు. మహా మర్యాదస్తులు. నాకన్నా పాతికేళ్ళు పెద్దవారైనా నన్ను "అల్లుడుగారూ, మీరు" అంటారు తప్ప ఇంకోమాట లేదు. కోపమొచ్చినా అండీయే, ఆకలేసినా అండీయే. కానీ ఆ నోట్లోంచి "బాగుంది" అన్న ముక్క మాత్రం రాదు. ఎంతసేపూ "పర్వాలేదండి". మా పెళ్ళి విందు పర్వాలేదండి. ఇల్లు కట్టుకుంటే గుమ్మంలో నించుని పైకీ కిందకీ చూసి, పర్వాలేదండి. మా అమ్మాయికి ఇంజినీరింగ్ సీటొస్తే అదీ పర్వాలేదే! నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్ని కదా, ఓసారి భోజనాల దగ్గర ఎంతో మర్యాదగా అన్నారు.

"మీరు పాఠాలు బాగా చెబుతారని జనం అంటారండి అల్లుడుగారూ. చేత్తో ఏదైనా చేసింది చూసే భాగ్యం మాత్రం మాకు కలగలేదండి."

చూసేరా! తిట్టినట్టూ లేదు, తిట్టనట్టూ లేదు. కాపురం మొదలెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈ పెద్దాయన చేత ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బాగుంది అనిపించుకోవాలని ఆ పూటే పంతం పట్టేను.

ఇంతకీ ఏం చెయ్యాలి? అటక మీద రెండు పెద్ద డబ్బాలున్నాయి. ప్లాస్టిక్ బ్రిక్స్. పిల్లలు ఒకదాని మీద ఒకటి టక్కున నొక్కి ఇళ్ళూ వంతెనలూ కట్టుకుంటారే, అవి. మా బావమరిది ఖతార్ నుంచి మా అమ్మాయి కోసం తెచ్చేడు. అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయింది, డబ్బాలు మిగిలిపోయేయి. వాటిల్లో గేర్లున్నాయి, రబ్బరు టైర్లున్నాయి. మోటార్లూ, బ్యాటరీ పెట్టె, రిమోటూ ఉన్న కిట్ ఆన్‌లైన్లో తెప్పించేను. పుస్తకం చూసి పేర్చే మోడల్ కాదండోయ్! నా సొంత డిజైన్. రేసు కారు!

మూడు నెలలు పట్టింది. మొదటి కారు రోడ్ రోలర్‌లా కదిలేది. గేర్లు అటుదిటు మార్చేను, రెండోది అసలు కదల్లేదు, అక్కడే నించుని గుర్రుమంది. మూడోది బ్రహ్మాండంగా పరిగెత్తింది గానీ కుడివైపు తిప్పితే ముందు చక్రం ఒక్కటీ విడిగా ఎడమవైపు వెళ్ళిపోయేది. మలుపులో రెండు వెనక చక్రాలూ వేరువేరు స్పీడుతో తిరగాలి కదా, దానికి డిఫరెన్షియల్ కావాలి. ఇరవయ్యేళ్ళుగా బోర్డు మీద గీసి చెబుతున్నదాన్ని మొదటిసారి చేత్తో చేసేను. చేస్తే తిరగదు! రెండ్రోజులు తల బద్దలు కొట్టుకుంటే అప్పుడు తెలిసింది, నేను గీసే బొమ్మలో ఒక గేరు ఇన్నేళ్ళూ తలకిందులుగా ఉందని. ఇరవై బ్యాచ్‌లు అదే గీసి పాసైపోయేరండి! మీరెవరితోనూ అనకండి.

ఇల్లంతా బ్రిక్సే. దుప్పట్లో బ్రిక్, చెప్పులో బ్రిక్. ఓరోజు పప్పులో పసుపు బ్రిక్ వస్తే మామిడికాయ ముక్కనుకుని నమిలేను. సుజాత తాపీగా చూసి, "ఉడకలేదా అండీ?" అంది.

మొత్తానికి అయ్యింది. ఎర్రటి బాడీ, వెనకాల పెద్ద రెక్క, లావుపాటి టైర్లు, గీతలు గీతలుగా పళ్ళున్నవి. లోపల బ్యాటరీ పెట్టె గలగలమంటోందని ఫ్రిజ్ అట్టపెట్టెలో వచ్చిన థర్మోకోల్ ముక్కలు కూరేను. ఇంక రిమోటు. కిట్లో రెండు రకాలున్నాయండి. ఒకటి వేలు తీస్తే బండి టక్కున ఆగిపోయేది. రెండోది రేడియో వాల్యూమ్ తిప్పినట్టు మీట తిప్పేది, ఎక్కడ వదిలితే ఆ స్పీడులో అలా వెళ్తూనే ఉంటుంది, ఆపాలంటే ఎర్ర బటన్ నొక్కాలి. మొదటిదైతే బొటనవేలు నొప్పెడుతోందని పక్కన పడేసి రెండోది పెట్టేను. క్లాసులో సేఫ్టీ మీద గంటన్నర పాఠం చెప్పేది ఈ మహానుభావుడే!

మావగార్ని శనివారమే పిలిపించేం. ఆదివారం చర్చి అయ్యేక ఇంటికొచ్చి బట్టలు కూడా మార్చుకోలేదు నేను. మా ఇల్లు కాలవ పక్కనే. గట్టు మీద కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు, అద్దంలా ఉంటుంది. కొంతదూరం తిన్నగా వెళ్ళి, స్నానాల రేవు దగ్గర పక్కకి తిరుగుతుంది. కారు తీసుకెళ్ళి రోడ్డు మధ్యలో పెట్టేను. మావగారు తెల్ల పంచె సర్దుకుని వచ్చేరు. పక్కింటి సూరిబాబుగారు, కొబ్బరికాయల వ్యాపారం ఆయనది, గేటు తీసుకుని వచ్చి చేతులు కట్టుకు నించున్నారు. సుజాత గుమ్మంలో గరిటె పట్టుకుని నించుంది. లోపల కోడి పలావు దమ్ము మీదుంది.

"ప్రార్థన చేసుకుని మొదలెడదామండి," అన్నారు మావగారు. మా ఇళ్ళల్లో కొత్త సైకిలు కొన్నా అంతే కదా. అందరం కళ్ళు మూసుకున్నాం. "ప్రభువా, మా అల్లుడుగారు ఈ వయసులో ఓపిగ్గా చేసుకున్న ఈ బొమ్మను దీవించండి..." అన్నారు. ఈ వయసులో ట! బొమ్మ ట! ఆమెన్ అన్నాను గానీ లోపల భగ్గుమంది.

సరే, రిమోట్ తిప్పేను. ఏం చెప్పమంటారండీ! నా కారు బాణంలా వెళ్ళింది. రేవు దాకా వెళ్ళి, గుండ్రంగా తిరిగి, వెనక్కొచ్చి మా కాళ్ళ ముందు నించి రయ్యిమని పోయింది. సూరిబాబుగారు "అద్దిరిపోయిందండి మాస్టారూ!" అనేసేరు. ఆ మాస్టారు నేను కాదు, మావగారు. నేను ఓరగా మావగారి మొహం చూసేను. గడ్డం నిమురుకుంటున్నారు. నోరు తెరిచేరు.

"పర్వాలేదండి," అన్నారు.

అప్పుడొచ్చిందండి నాకు దిక్కుమాలిన ఆలోచన. పక్కనుంచి చూస్తే ఏం తెలుస్తుంది, చేత్తో పట్టుకుని నడిపితే ఆయనే అంటారు కదా అని! కారుని మళ్ళీ ఇటు తిప్పి స్పీడు బాగా తగ్గించేను, అది మెల్లగా, పెద్దవాళ్ళు వాకింగుకెళ్ళినట్టు రేవు వైపు వెళ్తోంది. ఆపి ఇవ్వాలి కదా? నాకు తెలీదా? తెలుసు. కానీ పెద్దాయనకి ఆగిపోయిన బండి చేతికిస్తే ఏం మర్యాదగా ఉంటుంది చెప్పండి! నడుస్తుండగానే రెండు చేతుల్తో రిమోట్ అందించి, "మావయ్యగారూ, మీరు నడపండి," అన్నాను.

మావగారు చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు. "అయ్యో, అదేంటండీ! కష్టపడింది మీరు. మీరే కానివ్వండి."

"అలా కాదండి, మీరు పెద్దవారు," అని ఆయన చేతిలో పెట్టేసేను.

ఆయన పుచ్చుకున్నారు. పుచ్చుకుని సూరిబాబుగారి వైపు తిరిగేరు. "మన వాకిట్లోకి వచ్చినవారు మీరుండగా ముందు నేనేంటండీ? మీరు కానివ్వండి." అందిస్తున్నప్పుడు ఆయన బొటనవేలు మీట మీద పడింది. అవతల కారు ఝామ్మంది.

సూరిబాబుగారు మంట తగిలినట్టు ఉలిక్కిపడ్డారు. "అయ్యబాబోయ్! ఎంతమంది పిల్లలకో నాలుగు ముక్కలు నేర్పినవారు తమరు. తమరుండగా నేనా? తప్పండీ, తప్పు!" అని తిరిగి ఇచ్చేసేరు. మీట ఇంకొంచెం తిరిగింది.

"మరి చేసినవారు అల్లుడుగారు కదండీ," అని మావగారు నాకిచ్చేరు. "ఎంతమాటండీ," అని నేను ఆయనకిచ్చేను. ఇంకో రెండుసార్లు అలా ముగ్గురి మధ్యా తిరిగింది. చేతులు మారినప్పుడల్లా స్పీడు పెరుగుతోంది. ఒక్కరమూ కారు వైపు చూడట్లేదు, ఒకరి మొహాలొకరం చూసుకుంటూ, వంగుతూ, దణ్ణాలు పెట్టుకుంటూ!

"ఏవండీ! బండి! బండీ!" అని సుజాత గుమ్మంలోంచి కేకేసింది.

"బండి సంగతి తర్వాత, ముందు నాన్నగార్ని నడపమను!" అన్నాను నేను.

అని, అప్పుడు తల తిప్పేను. రోడ్డు పక్కకి తిరిగింది గానీ నా కారు తిరగలేదండి. తిన్నగా రేవు మెట్ల వైపు పోతోంది.

"ఎర్ర బటన్! మావయ్యగారూ, ఎర్ర బటన్ నొక్కండి!" అని అరిచేను.

ఆయన ఏమాత్రం తొణక్కుండా రిమోట్ నా ముందుకి చాపి, "మీరే నొక్కండి అల్లుడుగారూ, మీ చేతి పని," అన్నారు.

నా బుద్ధి కాలిపోను, నేనేమన్నానో తెలుసా? "పర్లేదండి, మీరే నొక్కండి," అన్నాను! అలవాటండి. నోరు దానంతటదే అనేస్తుంది.

టక్, టక్, టక్, టక్. నాలుగు మెట్లు. బుడుంగ్!

నేను చెప్పులు వదిలేసి పరిగెత్తేను. మూడు నెలల కష్టమండి! ఏడుపొచ్చేసింది, అబద్ధమెందుకు? కాలవ నీళ్ళలో ఒక్క సుడి, రెండు బుడగలు. అయిపోయిందనుకున్నాను. అంతలో గుర్రపుడెక్క ఆకుల మధ్యలోంచి ఎర్రటి రెక్క పైకి లేచింది. దానెనకాలే కారు. తేలింది! లోపల కూరిన థర్మోకోలు, ఆ లావుపాటి టైర్లు... మోటారు ఇంకా తిరుగుతోంది. వెనక చక్రాలు నీళ్ళని టపటపా కొడుతున్నాయి. మెల్లగా, ఎంతో ఠీవిగా, కాలవకి అడ్డంగా అవతలి గట్టుకేసి బయల్దేరింది!

మేం ముగ్గురం రేవు మెట్ల మీద నోళ్ళు తెరుచుకుని నించున్నాం. మావగారు కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. నా భుజమ్మీద చెయ్యేసేరు. ఇరవై రెండేళ్ళలో అదీ మొదటిసారే.

"నీళ్ళలో కూడా నడుస్తుందని ముందే చెప్పలేదేంటండీ అల్లుడుగారూ? ఏదో పిల్లల బొమ్మ కారనుకున్నాను. ఇది కదండీ ఇంజినీరింగంటే! బాగుందండి. చాలా బాగుంది!"

నిజం చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. "లేదండి, అది కాలవలో పడిపోయిందండి, అదృష్టం బాగుండి తేలింది," అని ఒక్క ముక్క చాలు. కానీ ఆ చెయ్యి ఇంకా నా భుజమ్మీదే ఉందండి. ఎవరికి నోరొస్తుంది?

"ఆయ్," అన్నాను.

వెనకాలే పరిగెత్తుకొచ్చిన సుజాత చేతిలో గరిటె కింద పడిన చప్పుడైంది. నవ్వలేక అక్కడే మెట్ల మీద కూలబడింది.

అవతలి ఒడ్డు దాకా వెళ్ళకుండానే బ్యాటరీ పోయింది. సూరిబాబుగారు కొబ్బరికాయలు దింపే పొడుగు దోటి తెచ్చి లాగేరు. లాగిన మనిషి కూడా "భలే ఆలోచనండి!" అంటున్నాడు. పలావు తింటున్నంతసేపూ మావగారికి అదే మాట. సాయంత్రం ఖతార్‌కి ఫోన్ చేసి కొడుక్కి చెప్పేరు. మర్నాడు పాస్టరుగారికి చెప్పేరు. రాజోల్లో దిగేలోపు బస్సులో ఎంతమందికి చెప్పేరో దేవుడికే తెలియాలి.

కథ అక్కడితో అయిపోతే బానే ఉండేది. ఆయన మొన్న ఫోన్ చేసేరు. "అల్లుడుగారూ, వచ్చే నెల్లో నా పాత విద్యార్థులు పదిమంది వస్తున్నారండి. అందరం దిండి వెళ్దాం. ఆ హౌస్‌బోట్ల పక్కన గోదాట్లో మీ బండి వదులుదురు గాని. కాస్త పెద్దది చేయండి."

"ఆయ్," అన్నాను మళ్ళీ!

ఇంక చేసేదేముంది? థర్మోకోల్ కూరితే దొంగపనవుతుందని, ఈసారి పద్ధతిగా, కాగితం మీద లెక్కలేసి, అసలైన పడవే డిజైన్ చేస్తున్నానండి. నాలుగు చేసేను. నాలుగింటినీ బట్టల టబ్బులో వేసి చూసేను. నాలుగూ ఆ బ్రిక్స్ సందుల్లోంచి నీళ్ళు తాగి బుడుంగున మునిగేయి. కారు చేస్తే తేలిందా, పడవ చేస్తే మునుగుతోంది!

నిన్న నాలుగోది మునుగుతుంటే సుజాత నడుమ్మీద చెయ్యేసుకుని పక్కనే నించుంది. జాలిపడుతోందనుకున్నాను.

"ఏవండీ, మీకు పడవ కావాలంటే విమానం చేయడం మొదలెట్టండి," అంది. "మీ హస్తవాసికి అది కచ్చితంగా నీళ్ళలోనే దిగుతుంది!"