తూము దగ్గర నేను చెప్పిన మాట

ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మోస్తున్నానని రోజూ గుర్తుండదు. పని చేసుకుంటాను, తింటాను, నవ్వుతాను. కానీ ఎవరైనా నన్ను మంచివాడని మెచ్చుకున్నప్పుడు లోపల ఏదో బరువుగా కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది మాచారెడ్డి దగ్గర పల్లె. వ్యవసాయ కుటుంబమే అయినా నా ధ్యాసంతా యంత్రాల మీదే. కొన్నాళ్లు కామారెడ్డిలో జేసీబీ నడిపాను. తర్వాత హైదరాబాదు కంట్రాక్టరు ఒకాయన దగ్గర కొత్తరకం యంత్రం మీద పని దొరికింది. అది నేల మీద నడుస్తుంది, నీళ్లలో తేలుతుంది. ఇనుప కాళ్లు మోపుకుంటూ గట్టు దిగి తనంతట తానే చెరువులోకి వెళ్లిపోతుంది. ముందున్న పొడుగాటి చేతికి ఏ పనికి ఆ పనిముట్టు తగిలించుకోవచ్చు. పూడిక తోడాలంటే బకెట్, గుర్రపుడెక్క లాగాలంటే పెద్ద దంతె, బురదను పీల్చి గొట్టంలోంచి ఒడ్డుకు చిమ్మాలంటే పంపు.

తెలంగాణ రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు, శివరాత్రి వెళ్లాక, దాన్ని ట్రైలరు మీద ఎల్లారెడ్డి వైపు ఒక ఊరి చెరువుకు తెచ్చాం. ఊరి పేరు రాయను. చిన్న చెరువు, దాని నిండా గుర్రపుడెక్క. కాలువలకు నీళ్లు సరిగా పారడం లేదు. ఎండాకాలం పంట, యాసంగి వరి నిలబడి ఉంది కాబట్టి చెరువు ఖాళీ చేయకుండానే పని జరగాలి. ఊరంతా గట్టు మీదికి వచ్చి చూసేది. దానికి ఇనుపకప్ప అని పేరు పెట్టారు. అది నీళ్లలోకి దిగుతుంటే కలుపు తీసే ఆడవాళ్లు కూడా పని వదిలేసి వచ్చి నిలబడేవారు. వాళ్లు యంత్రాన్ని చూస్తున్నారో నన్ను చూస్తున్నారో అప్పట్లో నాకు తేడా తెలిసేది కాదు.

ఆ చెరువుకు నీరటి సాయన్న. నీరటి అంటే తూము తీసి, మూసి, పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదిలే మనిషి. వాళ్ల నాయనా తాతా చేసిన పనే. నాకంటే చాలా పెద్దవాడు, నన్ను తమ్మీ అని పిలిచేవాడు. ఊళ్లో హోటలు లేకపోవడంతో పని ఉన్నన్నాళ్లూ నా తిండి వాళ్లింట్లోనే. ఆయన భార్య పోశవ్వ మధ్యాహ్నం జొన్నరొట్టెలు గట్టు మీదికే పంపేది. ఒకసారి జ్వరం వస్తే నన్ను వాళ్ల మంచం మీద పడుకోబెట్టి వాళ్లిద్దరూ కింద పడుకున్నారు.

అది పాతకాలం తూము. నీళ్లలో రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య ఇనుప కడ్డీ, కడ్డీ చివర కన్నాన్ని మూసే బిరడా. కడ్డీ పైకి లాగితే నీళ్లు పోతాయి, దించితే ఆగుతాయి. తూము దగ్గర దంతె తప్ప బకెట్ వాడొద్దని కంట్రాక్టరు గట్టిగా చెప్పాడు. దంతె పైపైన నాచునూ ఆకునూ లాగుతుంది. బకెట్ పళ్లు కిందికి దిగితే ఏం తగులుతుందో కనపడదు.

ఆ రోజు పొద్దున్నుంచీ బకెట్‌తో పూడిక తీస్తున్నాను. సాయంత్రానికి తూము ముందర గుర్రపుడెక్క ముద్ద ఒకటి మిగిలింది. దంతె ఒడ్డున ఉంది. మార్చాలంటే ఒడ్డుకు పోవాలి, పిన్నులు కొట్టాలి, ఆయిల్ పైపులు విప్పి మళ్లీ బిగించాలి. చూసేవాళ్లు కూడా ఇళ్లకు వెళ్లిపోయారు. ఒక్క పట్టు పడితే అయిపోతుంది కదా అనుకున్నాను.

బకెట్ దించాను. పైకి లేపుతుంటే ఏదో పట్టేసింది. యంత్రం ఒక పక్కకు ఒరిగింది. వదలాల్సింది. వదల్లేదు, ఇంకొంచెం లాగాను. ఒక్కసారిగా తేలికైపోయింది. చూస్తే కడ్డీ వంగి, పైకి లేచి, స్తంభాల మధ్య ఇరుక్కుని ఉంది. దాని పక్కన నీళ్ల మీద చిన్న సుడి.

సుడి అంటే కింద కన్నం తెరుచుకుందని నాకు తెలుసు. బకెట్‌తో కడ్డీని కిందికి నొక్కి చూశాను. కదల్లేదు. అప్పుడే ఊళ్లోకి పరుగెత్తి సాయన్నను పిలిస్తే సరిపోయేది. నలుగురు దిగి మట్టి సంచులు వేసి కన్నం మూసేవాళ్లు. తిడితే తిట్టేవాళ్లు. ఎందుకు పోలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. పని పోతుందన్న భయమా? అది కొంత. కానీ దానికంటే ఎక్కువ, అంతవరకూ నన్ను గొప్పగా చూసిన ఊరి ముందు చేతకానివాడిలా నిలబడటం నాకు ఇష్టం లేకపోయింది. బురద వచ్చి కన్నానికి అడ్డం పడుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. యంత్రాన్ని ఒడ్డుకు తెచ్చాను. సాయన్న పక్కనే కూర్చుని, పోశవ్వ వడ్డించిన అన్నం తిన్నాను.

తెల్లవారేసరికి చెరువు అడుగు కనపడుతోంది. నీళ్లు కాలువ పొర్లి వాగులో కలిసిపోయాయి. అప్పుడు నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఎవరూ రాకముందే బకెట్ విప్పి దంతె తగిలించాను. ముందురోజు బద్ధకించిన ఆ పనినే చెమటలు కక్కుతూ చేశాను.

కాసేపటికి గట్టు మీద ఊరంతా ఉంది. వరి పొట్ట మీదుంది, నీళ్లు తప్పకూడని సమయం. ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. ఊరి పెద్ద ఒకాయన సాయన్నను నిలదీశాడు.

"ఏందిరా సాయిగా, తూము తెరిచిపెట్టి పోయినవా?"

"లేదు పటేలా, మూసిన. మధ్యాహ్నం వంతు అయిపోంగనే మూసిన."

"మూస్తే ఎట్ల లేస్తది? కల్లు తాగి కడ్డీ వంచినవ్. మల్ల దించరాక ఇడిసిపెట్టి పోయినవ్. గంతే గద?"

"అవ్వతోడు పటేలా, మూసిన." సాయన్న నా వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వు ఆడ్నే ఉన్నవ్ గద. నేను మూసింది చూసినవ్ గద? చెప్పు తమ్మీ."

"మిషిన్ గిట్ట తగిలిందేమో," అని ఎవరో వెనక నుంచి అన్నారు.

నేను దంతె వైపు చెయ్యి చూపించాను. "నిన్న తూము కాడికి బకెట్ ఇప్పి ఇదే తగిలించుకొని పోయిన. దీంతోని కడ్డీ వంగదే. ఇది గడ్డి గుంజేది." అక్కడితో ఆగలేదు. సాయన్నకు జవాబు చెప్పాను. "నువ్వు మూసింది నేను చూడలే అన్నా. పొద్దుగూకంగ నేను తూము దిక్కు పోయేసరికి కడ్డీ లేచే ఉన్నది. నువ్వే నీళ్లు ఇడిసినవ్ అనుకున్న."

సాయన్న కోప్పడలేదు. నా ముఖంలోకి చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. "గట్లనా," అన్నాడు. అంతే.

ఆ యాసంగి చివరి పొలాలు ఎండిపోయాయి. గింజ పట్టని వరిని కోసి పశువులకు వేశారు. సాయన్న మడి కూడా ఆ చివర్లోనే ఉండేది. నీరటి పని ఇంకొకరికి ఇచ్చారు. బోరింగు దగ్గర పోశవ్వతో ఎవరూ మాట్లాడేవారు కాదు. అయినా నా పని ముగిసేదాకా ఆమె నాకు రొట్టెలు పంపడం మానలేదు. ఎలా తిన్నాను? ఆకలేసింది, తిన్నాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది కామారెడ్డి రైల్వే స్టేషన్లో ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే సాయన్న. జుట్టు తెల్లబడింది. వద్దంటున్నా చాయ్ తాగించాడు. హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా ఉన్నాడట. పోశవ్వ ఇళ్లల్లో పని చేస్తోందట.

"నీళ్ల మోటరు నేనే బందు చేస్త తమ్మీ," అన్నాడు. "బందు చేసి వస్త, మల్ల పోయి చూస్త. వచ్చి కూసుంట, మల్ల పోత. నా చేతుల మీద నాకే నమ్మకం లేకుండ పోయింది." కొంచెం నవ్వాడు. "ఆనాడు మూసిననే అనుకున్న. ఇప్పటికీ కండ్లముందర ఉన్నట్టే ఉంటది. కానీ నువ్వు అబద్ధం ఎందుకు చెప్తవ్? నీకూ నాకూ ఏం పగ? నేనే మర్చిపోయి ఉంట."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చిందా, లేక వచ్చిందని ఇప్పుడు అనుకుంటున్నానా? చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. సికింద్రాబాదు బండి వచ్చింది. ఆయన ఎక్కాక సంచి కింది నుంచి అందించాను. "మంచిగుండు తమ్మీ," అన్నాడు కిటికీలోంచి.

అంతవరకూ నేను చేసింది ఒక పంట పోగొట్టడం, ఒక మనిషి పని పోగొట్టడం అనుకునేవాణ్ని. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద అర్థమైంది. తన చేతులతో తాను చేసిన పనిని ఆయన నమ్మలేకుండా చేశాను. పంట మరుసటి ఏడు మళ్లీ పండి ఉంటుంది. ఇది ఎలా తిరిగివస్తుంది?

తర్వాత ఆయనను మళ్లీ చూడలేదు. వెతకలేదు కూడా. ఆ ఊరికి వెళ్లి నలుగురినీ పిలిచి చెప్పవచ్చు. ఇంకా వెళ్లలేదు. వెళతానని మీకు మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో చూశారు కదా. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు.

ఇంతవరకు రాసి కూడా ఒకటి దాచాను. అదీ చెప్పేస్తాను. ఆ మధ్యాహ్నం వంతు ముగిశాక సాయన్న లోతు నీళ్లలో తూము దగ్గరికి వచ్చాడు. అలలకు కాలు జారుతుందేమోనని నేనే యంత్రం ఆపాను. ఆయన కడ్డీని రెండు చేతులా పట్టుకుని దించాడు. ఒంటి బరువంతా వేసి నొక్కాడు. కాలువ వైపు చూసి నీళ్లు ఆగాయని చూసుకున్నాడు. తర్వాత నా వైపు చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

సాయన్న తూము మూశాడు. నేను చూశాను.