ముసల్ది ఎగరడం మానేసింది

వర్క్‌షాపులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. ఆకురాయి అంటే చాలు. వస్తువులు పోతపోసే ఇనప అచ్చు ఏదైనా సరే, చివరి నునుపు అతని చేతి మీదుగా రావలసిందే. కిటికీ పక్క బెంచీ, దానికి బిగించి అచ్చును కదలకుండా పట్టే వైస్ ఇరవై ఆరేళ్ళుగా అతనివి. ఇంకొకరు ఆ వైస్ పిడి తిప్పితే ఆ పూట అతని మొహం చూడలేకపోయేవాళ్ళు.

ఆదివారం మాత్రం అతను పార్కు మనిషి. డిస్క్ గోల్ఫ్ ఆడేవాడు. గోల్ఫ్ లాంటిదే గానీ కర్రా బంతీ ఉండవు. ప్లాస్టిక్ డిస్క్‌ను చేత్తో విసిరి, దూరాన స్తంభానికి గొలుసులు వేలాడే బుట్టలో పడేలా చెయ్యాలి. తోడు వచ్చేది బావమరిది, సిటీ బస్సు డ్రైవరు.

"వారమంతా స్టీరింగ్ తిప్పి చచ్చేవాణ్ణి. ఆదివారం కూడా గుండ్రంగా ఉండేదే పట్టుకోవాలా బావా?" అని సణుగుతూనే అందరికంటే ముందు వచ్చి నిలబడేవాడు.

ఇంట్లో వెనకగది పూర్తిగా డిస్కులదే. గోడ పొడవునా చెక్కమేకులు కొట్టి అరవై ఒక్కటి తగిలించాడు. ఎదురుగాలికి ఒకటి, వానలో జారనిది ఒకటి, చెట్టు చుట్టూ తిరిగొచ్చేది ఒకటి. రంగు నచ్చిందని తెచ్చి, గీత పడుతుందని ఒక్కసారి కూడా విసరనివి పది దాకా ఉంటాయి.

"ఈసారి చుట్టాలొస్తే వీటిల్లోనే వడ్డిస్తాను. అప్పటికి గానీ మీకు బుద్ధి రాదు," అనేది భార్య.

ఎన్ని ఉన్నా అతని చెయ్యి సంచిలో వెతికేది ఒక్కదాని కోసమే. దాన్ని ముసల్ది అనేవాడు. పన్నెండేళ్ళ క్రితం నారింజ రంగుది, ఇప్పుడు వెలిసిపోయి ఇటుకపొడిలా ఉంది. అంచు నిండా రాళ్ళ దెబ్బలు, చెట్ల గాట్లు. కొత్త డిస్క్ మొండిది. ఎంత తిన్నగా విసిరినా చివరికి ఎడమకి దిగిపోతుంది. దెబ్బలు తినగా తినగా మెత్తబడి తిన్నగా పోతుంది. అక్కడితోనూ ఆగదు, ఇంకా అరిగితే కుడికి ఒరిగి బోర్లాపడుతుంది. ముసల్ది ఆ రెంటికీ నడుమ ఎక్కడో ఆగి, ఏళ్ళ తరబడి గీత గీసినట్టు పోయేది. ఏడో బుట్టకి ముందు రెండు చెట్లున్నాయి, మధ్యన తలుపంత సందు. పదిసార్లు విసిరితే తొమ్మిదిసార్లు ముసల్ది ఆ సందులోంచి దూరిపోయేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. బావమరిదిని సైతం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ప్రెస్ మెషీన్ అతని కుడిచేతి చివరి రెండు వేళ్ళు తీసుకుంది.

కట్టు విప్పాక ఇంకో నెల ఇంట్లోనే ఉండమన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఊరికే కూర్చున్నది లేదు. గుమ్మంలో ముసల్దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అంచు చుట్టూ వేళ్ళు తిప్పుతూ గడిపేవాడు. వేళ్ళు పోయిన చోట కొత్త చర్మం ఇంకా లేతగా ఉంది. అంచు మీది గాట్లు తగిలితే చురుక్కుమనేది. పెట్టెలోంచి సన్న ఆకురాయి తీసి ఒక గాటు సరిచేశాడు. మర్నాడు దాని పక్కది. కుక్కను నిమిరినట్టు రోజూ కాసేపు. అది పని అన్న ఆలోచనే అతనికి లేదు.

పనిలోకి వెళ్ళిన రోజున ఫోర్‌మన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి కుదురుకునేదాకా స్టోర్‌లో కూర్చో. నెలాఖరు దాకా నీ బెంచీ ఎవరికీ ఇవ్వను. ఆపైన నన్ను అనొద్దు."

స్టోర్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. నట్లూ బోల్టులూ ఇచ్చి సంతకం పెట్టించుకునే కిటికీ. చూపు మందగించిన వెల్డర్ ఒకడు "నాలుగు రోజులే" అంటూ అందులోకి వెళ్ళి, రిటైరయ్యాకే బయటికొచ్చాడు. బెంచీ ఇవ్వమని అడగడానికి ఆకురాయికి నోరు రాలేదు. అడిగితే చేసి చూపించమంటారు. పదిమంది ముందు చెయ్యి వణికితే ఇక తల ఎత్తుకోవడం ఉండదు. అందుకని తనలో తాను ఒక మాట అనుకున్నాడు. ముసల్ది ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆ రెండు చెట్ల మధ్యనుంచి పోతే, ఈ చేతిలో ఇంకా పని ఉన్నట్టు. మర్నాడే వెళ్ళి అడుగుతాడు. పోకపోతే స్టోరే గతి.

ఆ ఆదివారం ఏడో బుట్ట ముందు నిలబడి విసిరాడు. సగం దూరం పోయి ముసల్ది కుడికి ఒరిగింది. బోర్లాపడి, అంచు మీద దొర్లుకుంటూ పొదల్లోకి పోయింది.

"చాన్నాళ్ళయింది కదా బావా," అన్నాడు బావమరిది.

మళ్ళీ విసిరాడు, మళ్ళీ పొదలే. పట్టు మార్చాడు, అడుగు మార్చాడు, చెయ్యి ఎత్తి విసిరాడు, దించి విసిరాడు. ముప్ఫై సార్లకి ముప్ఫై సార్లూ అదే ఒరగడం, అదే దొర్లడం. చివర్లో ముళ్ళు గీసుకున్న చేతులతో పొదల్లోంచి లేస్తూ, బావమరిది కళ్ళలోకి చూడలేకపోయాడు.

సంచిలో ఉన్న మిగతావి తీశాడు. అవి ఇంకోలా ఏడిపించాయి. మూడువేళ్ళ పట్టుకి వేగం చాలక, చెట్ల దాకానైనా రాకుండా ఎడమకి కూలిపోయాయి.

ఆ మర్నాటి నుంచీ పిచ్చి పట్టినట్టు కొనడం మొదలెట్టాడు. ముసల్ది ఏ అచ్చులో పుట్టిందో అదే అచ్చువి, అదే బరువువి, అదే రంగువి. పాతబడ్డవాటి కోసం ఆటగాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగాడు. ఒకే అచ్చులో పోసినా చల్లారడంలో తేడా వస్తుందని అతనికి వేరే చెప్పక్కర్లేదు. స్టోర్ కిటికీ వెనక కూర్చుని కొలబద్దతో ఒక్కోదాని నడిమి ఉబ్బు ఎత్తు కొలిచేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పెట్టేవాడు. తేడా లేనివాటిని సాయంత్రం పార్కుకి తీసుకుపోయి విసిరేవాడు. అన్నీ ఎడమకే. వెనకగది గోడ నిండిపోయి మంచం కిందికీ, బట్టల అలమరలోకీ పాకాయి.

"నా చీరలు ఎక్కడ పెట్టుకోను?" అంది భార్య. "వీటికి మేకులు కొట్టండి, నేను ఆ మేకుకి వేలాడతాను."

అతను నవ్వలేదు. అన్నం ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. కుడిచెయ్యి బల్ల కింద దాచుకోవడం అలవాటైంది.

నెలలో ఆఖరి రోజు వచ్చింది. స్టోర్ కిటికీలోంచి చూస్తే బెంచీ కనబడుతూనే ఉంటుంది. కొత్త ఫిట్టర్ ఒకడు వచ్చి వైస్ మీది దుమ్ము తుడిచి, పిడి ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. తిట్టుకోవడానికైనా వీల్లేకుండా.

సాయంత్రం పార్కులో ముసల్దాన్ని ఆరుసార్లు విసిరాడు. ఆరోసారి పొదల దగ్గరికి తెచ్చుకోవడానికైనా వెళ్ళలేదు. బావమరిదే వెళ్ళి తెచ్చాడు.

"ఉంచుకో," అన్నాడు ఆకురాయి.

"ఏంటి?"

"ముసల్దాన్ని. నీకే. నా చెయ్యి అయిపోయింది, దాన్ని కూడా నాతో పాటు మేకుకి తగిలించడమెందుకు."

బావమరిది అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. పన్నెండేళ్ళు పక్కనుండి చూసినా ఒక్కసారి చేతికివ్వని వస్తువు. ఒళ్ళంతా కూడదీసుకుని, మర్యాదగా, ఏడో బుట్ట వైపు విసిరాడు. సగం దూరంలో కుడికి ఒరిగింది. దొర్లింది. పొదల్లోకి పోయింది.

తెచ్చి ఇంకోసారి విసిరాడు. అదే తంతు.

"నాకు అయిదు వేళ్ళూ ఉన్నాయి బావా," అన్నాడు నెమ్మదిగా. అంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పాడు. గోరు ఎక్కడా ఆగలేదు. "ఇదేంటి, అద్దంలా ఉంది? దీని గాట్లన్నీ ఏవి? ఎవరు అరగదీశారు?"

ఆకురాయి డిస్క్ లాక్కుని చూశాడు. చూస్తూనే గడ్డిలో కూలబడ్డాడు. రాళ్ళు పన్నెండేళ్ళు కొట్టి తెచ్చిన తీరును నెల రోజుల్లో తనే గీకి పారేశాడు. ఆటలో నిన్న చేరినవాడు కూడా చెయ్యని పని. అరిగింది తిరిగి రాదు. ఇనుమైతే వెల్డింగ్ పూసి మళ్ళీ దిద్దొచ్చు, దీనికి అదీ లేదు.

"నా చేత్తో నేనే చంపుకున్నానురా," అన్నాడు.

బావమరిది పక్కన కూర్చున్నాడు. బస్సు ఆగిపోయినప్పుడు ప్రయాణికులకి చెప్పే మాటే చెప్పాడు. "కాసేపు ఓపిక పట్టండి."

ఇంటికొచ్చి ముసల్దాన్ని బల్ల మీద పెట్టి, జరిగింది భార్యకి చెప్పాడు. ఆమె కూరగాయలు తరుగుతూ వింది. జాలి పడలేదు.

"నాకెప్పుడో తెలుసు. నెలంతా గుమ్మంలో నారింజ పొడి ఊడ్చింది నేనే కదా. ఏదో గీక్కుంటున్నారు, గీక్కోనీ అనుకున్నా." డిస్క్ అందుకుని తడిచేత్తో అంచు తడిమింది. ఇంకోసారి తడిమింది. "ఏ చేత్తో గీకారు?"

"ఏ చేత్తోనేంటి?"

"అడిగిందానికి చెప్పండి. అన్నం తినడానికి పనికిరాని చేత్తోనేనా?"

అతను బల్ల కిందినుంచి కుడిచెయ్యి తీసి, ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు.

పొద్దున్నే, కొత్త ఫిట్టర్ రాకముందే, ఫోర్‌మన్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఏమీ అడగకుండా ముసల్దాన్ని బల్ల మీద పెట్టాడు. ఫోర్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచు వెలుతురుకి పట్టుకుని చూశాడు. వెంట్రుకవాసి ఎగుడుదిగుడునైనా పట్టే గేజీ ముల్లును అంచుకి ఆనించి డిస్క్‌ను చుట్టూ తిప్పాడు. ముల్లు కదిలీ కదలనట్టుంది.

"ఎప్పుడు చేశావ్?"

"కట్టు విప్పాక."

"దేనితో?"

"సన్న ఆకురాయితో. ఒళ్ళో పెట్టుకుని."

ఫోర్‌మన్ గేజీ పక్కన పెట్టాడు. "ఎగురుతుందా ఇది?"

"ఎగరదు. ఇక ఎగరదు."

"మరి దేనికయ్యా ఇంత బాగా చేశావ్?"

ఫోర్‌మన్ కింద సొరుగు లాగి, అంచుకి పొక్కులు తేలిన చిన్న అచ్చు ఒకటి తీసి అతని ముందు పెట్టాడు.

"పెద్దవి నీ వల్ల కావు, ఆశ పెట్టుకోకు. ఇలాంటివి చూడు. సాయంత్రందాకా బెంచీ నీదే, ఆలోగా నాకు చూపించు. బాగాలేకపోతే బాగాలేదనే అంటాను."

అతను తల ఊపాడు. ముసల్దాన్ని చొక్కాలోకి దోపుకుని, అచ్చు పట్టుకుని కిటికీ పక్క తన బెంచీ వైపు నడిచాడు. వైస్ పిడి చుట్టూ మూడు వేళ్ళు బిగించాడు. చెయ్యి వణుకుతోంది. వణుకు ఆగేదాకా ఆగి, తిప్పాడు.