వాన లేని రోజుల్లో పెరిగిన నది

మా మేనత్త రోజూ పొద్దున ఎనిమిదింటికి వంతెన కింద మెట్లు దిగి, నీటిలో పాతిన కొలబద్ద చూసి, నది ఎంత ఎత్తుందో రిజిస్టరులో రాసేది. ఇరవై ఆరేళ్లు అదే ఉద్యోగం. పెళ్లిళ్లకి కూడా ఎనిమిది దాటాకే బయల్దేరేది. "నదిని చూసుకునేవాళ్లు లేరే" అనేది, అదేదో చంటిపిల్లయినట్టు. మాకు నవ్వొచ్చేది.

ఆ ఏడు ఎండలు రెండు నెలల ముందే విరుచుకుపడ్డాయి. చుక్క వాన లేదు. అయినా నది రోజుకు నాలుగు వేళ్లు పెరిగింది. అత్త అలాగే రాసింది. ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: వాన లేనిదే నీరెలా పెరుగుతుంది? ఇంట్లో కూర్చుని రాస్తున్నారా? ఇంకొక్క తప్పుడు అంకె కనబడితే ఉద్యోగం ఊడుతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషిని పట్టుకుని అడిగే మాటేనా అది? అత్తకి మాత్రం భయం వేసింది. అప్పటికే ఆమె ఒక కంట్లో పొర కమ్మింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. కళ్లే మోసం చేస్తున్నాయనుకుంది. మూడు రోజులు, జీవితంలో మొదటిసారి, నది పెరగలేదని రాసింది. ఆ మూడు రోజులూ ముద్ద సరిగా మింగలేదు.

నాలుగో పొద్దున నన్ను వెంటబెట్టుకెళ్లింది. "నువ్వు చదివి చెప్పవే. నాకెంత కనబడిందో చెప్పను."

"రెండు మీటర్ల ఎనభై ఆరు," అన్నాను.

అత్త మెట్టు మీద కూలబడింది. "నాకూ అంతే కనబడిందే తల్లీ!"

నీళ్లలో చెయ్యి పెట్టి కెవ్వుమన్నాను. పైన నిప్పులు చెరిగే ఎండ, కింద ఎముకలు కొరికే చల్లదనం.

"మంచు," అంది అత్త మెల్లగా. "ఈ నది పుట్టిన కొండల మీది మంచు కరిగొస్తోంది. వానలు పడేదాకా కాస్త కాస్తగా రావాల్సిన నీళ్లు, అన్నీ ఇప్పుడే."

ఆ కొండల్ని మేమెన్నడూ చూడలేదు. ఎక్కడి మంచు, ఎక్కడి మా మెట్లు!

మేమింకా అక్కడుండగానే ఆఫీసు నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు. పై మెట్టు మీదే నిలబడి రిజిస్టరు తిరగేశాడు. "చూశారా, అంకెలు దారికొచ్చాయి," అని మెచ్చుకున్నాడు కూడా! నోరు మూసుకుంటే ఉద్యోగం పదిలం. నేను అత్త మోచెయ్యి గిల్లాను.

"ఆ మూడూ అబద్ధాలండీ," అంది అత్త. "భయపడి రాశాను."

"ఏం ఒప్పుకుంటున్నారో తెలుసా అమ్మా?"

"తెలుసండీ. తీసేస్తే తీసేయండి. ముందు కిందకి రండి."

గొణుక్కుంటూ దిగాడు. బూట్లలోకి నీళ్లు పోయేసరికి ఎగిరి గంతేశాడు. తలెత్తి మబ్బు తునక లేని ఆకాశం చూశాడు, మళ్లీ నీళ్లు చూశాడు.

"మీ ఉద్యోగం సంగతి పైవాళ్లు తేలుస్తారు. నా చేతుల్లో లేదు," అని, రిజిస్టరు తనే తెరిచి పట్టుకున్నాడు. "నిజం అంకెలు గుర్తున్నాయా?"

అత్త మూడూ కొట్టేసి, మూడూ తిరిగి రాసింది. పక్కన 'పెరగడానికి కారణం' అనే గడి ఉంది. ఇన్నేళ్లూ అందులో వాన అనే రాసింది, ఈ ఎండల్లో ఖాళీగా వదిలేసింది. ఈసారి 'ఎండ' అని రాసి సంతకం పెట్టింది.