పులుసు మరకల పేక

ఈ మధ్య హోటళ్లలో చేతులు తుడుచుకోమని ఇచ్చే కాగితం తడి తగలగానే వేళ్లకు అతుక్కుపోతోంది. దాన్ని తుడుచుకోవడానికి ఇంకో కాగితం అడగాల్సి వస్తోంది. నేను కోవూరులో మేడ మీద గదిలో అద్దెకున్న రోజుల్లో ఈ బాధ ఉండేది కాదు. చేతులు తుడుచుకోవడానికి పేకముక్కలుండేవి.

పెళ్లికాని వాడికి గది దొరకడం ఎంత కష్టమో వెతికినవాళ్లకే తెలుసు. నాకు దొరికింది నా గుణగణాలు చూసి కాదు. ఇంటి ఓనరు అన్నకి ఆదివారం మధ్యాహ్నాలు పోకర్ ఆడటానికి మూడో మనిషి కావాలి, అంతే. రెండో మనిషి పక్కింటి రైస్‌మిల్లు గుమాస్తా. పందెం చింతపిక్కలు, మనిషికి నలభై. (పంతాలు మాత్రం ఎకరాలు ఒడ్డినట్టే ఉండేవి.) అక్క, అంటే ఓనరన్న భార్య, చేపల పులుసన్నం పెట్టేది, తింటూనే ఆడేవాళ్లం. ఆట మర్యాదల్లో ఇద్దరూ మహా నిక్కచ్చి. ఒకసారి ముక్కలు చూసి నేను గట్టిగా ఊపిరి పీల్చానని అరగంట పంచాయితీ పెట్టారు. "ఆ మాదిరి ఊపిరి తీస్తే ఎదుటోడికి సైగ చేసినట్టే గదబ్బా," అన్నాడు గుమాస్తా. ఎదుటోడు తనే. పిక్క బల్ల మీద పడకముందు "పెంచుతున్నా" అంటే అది మాట కిందికి వస్తుందా, ఆలోచన కిందికి వస్తుందా అన్న వివాదం రెండు ఆదివారాలు నడిచింది. అన్ని ఆదివారాలూ ఓడేది నేను.

మూడు నెలల తర్వాత ఒకరోజు, చేతిలో ఏమీ లేకుండానే పిక్కలన్నీ ధీమాగా ముందుకు తోశాను. గుమాస్తా తన ముక్కలు చూసుకోలేదు. నా ముక్కల వీపు చూశాడు. "వద్దులే అబ్బయా, నీ చేతిలో ఉండేది రెండూ చిన్నముక్కలే," అన్నాడు జాలిగా. అప్పుడు తెలిసింది. మామిడిముక్క ఆకారంలో మరకుంటే ఇస్పేటు రాజు, బొటనవేలి ముద్రుంటే ఆఠీను ఆసు. మంచి ముక్కను వదలకుండా పట్టుకుంటారు గనక పులుసంతా దానికే అంటుతుంది. మరక లేనిది ఎందుకూ కొరగాని ముక్క.

"ఇది మోసం కదన్నా?" అన్నాను.

"మోసమేంది? మరక అందరికీ కనపడతానే ఉండాది. నువ్వు చూడలా," అన్నాడు ఓనరన్న.

డిగ్రీ చదివినవాణ్ని, ఊరుకోలేకపోయాను. తొమ్మిది నిబంధనలు రాసి గోడకు అంటించాను. మొదటిది కొత్త పేక. రెండోది సబ్బు. తొమ్మిదోది, పాత పేకను పొయ్యిలో వేయాలి. వాళ్లు ఎదురు చెప్పలేదు. రూలంటే వాళ్లకు గౌరవం. పాత పేకను ఓనరన్నే స్వయంగా పొయ్యిలో వేశాడు.

ఆ తర్వాతి ఆదివారం నూట ఇరవై పిక్కలూ నా ముందుకొచ్చాయి. ఓనరన్న చెయ్యి కడుక్కుని (సబ్బుతోనే), ఎంతో మర్యాదగా, "వచ్చే నెల మా తమ్ముడొస్తా ఉండాడు. గది ఖాళీ చెయ్యాల నువ్వు," అన్నాడు. ఆయనకు తమ్ముళ్లు లేరు. ముగ్గురూ అక్కచెల్లెళ్లే.

సాయంత్రం దాకా నాలుగిళ్లు తిరిగాను. నాలుగు చోట్లా పెళ్లయిందా అని అడిగి తలుపేసుకున్నారు. ఆ తర్వాతి దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పటి నేననే ఆ కుర్రాడు కాస్త ముద్దొస్తాడు కూడా. వంటింటి గుమ్మంలో, కొత్త పేక చేత్తో పట్టుకుని, "అక్కా, ఒక గరిటెడు పులుసిస్తావా, వీటికి పూయాల," అని అడుగుతున్నాడు.

అక్క పేకను చూసింది, నన్ను చూసింది, పులుసు దబరకు మూత పెట్టింది.

"అన్నేండ్లు చదివినావే అబ్బయా, ఓడిపొయ్యేది నేర్పలేదా మీ కాలేజీలో?"