హాయిగా ఉందా అని అడిగే దీదీ

దీదీ పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను మా దీవుల్లోని అబర్డీన్ బజార్‌లో బస్సు కోసం నిల్చుని ఉన్నాను. చెన్నైలో కాలేయానికి వైద్యం చేయించుకుంటోంది, తిరిగొస్తుందనే అందరం అనుకున్నాం. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మెయిన్‌ల్యాండ్‌లో నేను ఫుట్‌బాల్ ఆడిన క్లబ్బుకు ఫిజియో. ఆమెదీ మా దీవులే, డైరీ ఫార్మ్ అనే పేట. మాది జంగ్లీఘాట్‌లో చేపలు పట్టే ఇల్లు. అంత పెద్ద ఊళ్లో మా దీవుల తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే.

రోజూ ప్రాక్టీసుకు ముందు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకునేది. పాదం, చీలమండ, పిక్క, మోకాలి కింది ఎముక, మోకాలు, చివరికి బూట్లు. ఒక్కోదానికీ సున్నా నుంచి ఆరు దాకా మార్కు చెప్పమనేది. కాలు ఉన్న సంగతే గుర్తురాకపోతే ఆరు, పరుగెత్తలేకపోతే సున్నా. మొదట్లో మాకది నవ్వులాట. నొప్పేమీ లేదని లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపేది.

"నొప్పుందా అని నేనడగట్లేదే. హాయిగా ఉందా? అది చెప్పు. నొప్పి మీరందరూ దాచేస్తారు, మాలూమ్ హై నాకు."

దాచేవాళ్లమే. నొప్పంటే మ్యాచ్ పోతుంది, మ్యాచ్‌లు పోతే కాంట్రాక్టు పోతుంది. కానీ హాయిగా ఉందా అని అంతకుముందు మమ్మల్నెవరూ అడగలేదు. ఆ ప్రశ్నకు అబద్ధం నోట్లోంచి వచ్చేది కాదు. ఎవరి మార్కులైనా వరసగా పడిపోతుంటే గాయం దగ్గరపడిందని ఆమెకు అర్థమయ్యేది. వాళ్ల పరుగు తగ్గించేది, బూట్ల లోపల చెయ్యి పెట్టి కుట్లు తడిమేది. భోజనాల దగ్గర అందరికన్నా ముందు తినేసి, పళ్లెం కడగడానికి ఎవరెలా నడిచి వెళ్తున్నారో చూస్తూ కూర్చునేది.

సెమీఫైనల్ వారంలో నా కుడికాలి ఎముక మార్కు రోజురోజుకూ దిగింది. నన్ను ఆడించొద్దని, స్కానింగ్ చేయించమని దీదీ నా ఎదుటే కోచ్‌కు చెప్పింది. వాపు లేదు, కుంటడం లేదు, ఒక అంకె చూసి స్ట్రైకర్‌ని కూర్చోబెట్టలేనన్నాడాయన. దీదీ గొంతు పెంచలేదు. రేపు విరిగాక మీకు కనబడేది నాకు ఈరోజే కనబడుతోందని మాత్రం అంది. ఆడమన్నారు, ఆడాను.

రెండో సగంలో, ఎవరూ తగలకుండానే, ఎముక విరిగింది. గడ్డి మీద పడి ఉన్న నా దగ్గరికి మొదట చేరింది ఆమే. కదలకు తల్లీ అంటూ నా కాలిని రెండు చేతులతో పట్టుకుంది.

గాయాలను ఆపలేకపోయిందంటూ ఆ సీజన్ చివర క్లబ్బు ఆమెనే తీసేసింది. ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"అరిస్తే నీ కాలు అతుక్కుంటాదేటి?" అంది.

ఇద్దరం దీవులకు తిరిగొచ్చేశాం. డైరీ ఫార్మ్‌లో తమ ఇంటి ముందుగదిలో ఆమె వైద్యం మొదలుపెట్టింది. నా చేత చేతికర్రలు మాన్పించింది ఆ గదిలోనే. మళ్లీ ఆడగలనా అని ఒక మధ్యాహ్నం అడిగాను. నా మడమ ఒత్తుతూనే చెప్పింది.

"పరుగెడతావు. క్లబ్బుకి మాత్రం ఆడలేవు. ఝూఠా దిలాసా నేనివ్వలేను, లేని ఆశ పెట్టలేను."

ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఆమె నన్ను లేపలేదు. ఇప్పుడు బడిలో ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాను. వాళ్లతో పాటు పరుగెడుతున్నాను. ఆ పరుగు ఆమె పెట్టిన భిక్ష.

చెన్నై వెళ్లే ముందు చూడ్డానికి వెళ్తే, ఆమె కాళ్లు నీరు పట్టి ఉబ్బిపోయి ఉన్నాయి. ఎలా ఉంది దీదీ అన్నాను. దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంది.

దహనం చెన్నైలోనే జరిగింది. ఆమె తమ్ముడు అస్థికలు తెచ్చాడు. మా నాన్న తన డింగీలో మమ్మల్ని జంగ్లీఘాట్ నుంచి సముద్రం లోపలికి తీసుకెళ్లి ఇంజన్ ఆపాడు. అస్థికలతో పాటు వదిలిన పువ్వులు కాసేపు పడవ పక్కనే తేలి, మెల్లగా దూరమయ్యాయి. నాన్న ఇంజన్ తాడు మీద చెయ్యి వేశాడు కానీ లాగలేదు. తమ్ముడు ఖాళీ కుండను ఇంకా గుండెకు హత్తుకునే ఉన్నాడు.