స్టూడియోలో దొరికిన మావగారు

కిదిర్‌పూర్ రేవులో మూటలు మోసే బైరాగిని పెళ్లాడి జగ్గమ్మ కలకత్తా వచ్చేసరికే అత్తామామా ఇద్దరూ పోయారు. అదో సుఖమని ఆవిడ బాహాటంగానే అనేది. మావగారు శ్రీకాకుళం ఒడ్డున వల లాగినవాడు. ఆయన్ని ఫొటో తీస్తామని ఎవరూ అనలేదు, తీయమని ఆయనా అడగలేదు.

ఆ లోటు ఎనభై నాలుగులో తెలిసొచ్చింది. కొడుకు వెంకటేశుకు ఖరగ్‌పూర్ సంబంధం వచ్చింది. వాళ్లు రైల్వే క్వార్టర్ల మనుషులు, గోడ నిండా తాతముత్తాతలున్నవాళ్లు. జగ్గమ్మ గోడమీద ఉన్నది మాత్రం ఎర్రజెండా యూనియన్ వాళ్లిచ్చిన పటంలోని ఇద్దరు గడ్డాల దొరలు. ఈ ఇద్దరిలో మీ మావగారెవరని అడిగితే ఏం చెప్పాలి?

బజారులో ఫొటో స్టూడియో ఉంది. ఎవరూ తీసుకెళ్లని పాత ఫొటోలు అక్కడ ఓ ట్రంకుపెట్టె నిండా పడి ఉన్నాయి. ఏరుకొమ్మన్నాడు యజమాని. మెల్లకన్నువాణ్ణి పక్కన పెట్టింది. తన అన్నలా ఉన్నవాణ్ణి పెట్టె అడుక్కి తోసేసింది. తలపాగా చుట్టి, మీసం మెలేసి, కుర్చీమీద చెయ్యి వేసుకు నిలబడ్డ పెద్దమనిషి నచ్చాడు. ఫ్రేము కట్టించి మేకుకు తగిలించింది.

సాయంత్రం బైరాగి పనినుంచి వచ్చి గోడవంక చూశాడు.

"ఈడెవుడే?"

"మీ అయ్య."

"మా అయ్యకి మీసం నేదు."

"ఇప్పుడుంది. కాళ్లు కడుక్కునిరా."

ఖరగ్‌పూర్ వియ్యంకుడు ఆ ఫొటోకు దణ్ణం పెట్టాడు. సంబంధం కుదిరింది.

అంతటి మీసమున్నవాడు ఊరికే వల లాగి పోయాడంటే ఎవరు నమ్ముతారు? జగ్గమ్మ ఆయనకు కథలు కట్టింది. తెల్లదొర టోపీ లాగి సముద్రంలో పారేశాడంది. బైరాగి తాగొచ్చిన రోజున ఆయన జన్మలో చుక్క ముట్టనివాడు. రేవులో సమ్మె జరిగితే ఆయన సమ్మెలు నడిపినవాడు, సమ్మె ఆగాక పని మానడమే ఎరగనివాడు. మొదట్లో బైరాగి నవ్వేవాడు. కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. ఇంకొన్నాళ్లకు, మా అయ్య మీసానికి ఆముదం రాసేవాడని టీ కొట్టు దగ్గర చెబుతుండగా జగ్గమ్మ చెవిన పడింది. ఇంటికొచ్చాక, నిజంగా మీ నాన్న ఎలా ఉండేవాడని అడిగింది. బైరాగి గోడమీద బొమ్మను చూసి, తలపాగాతో సహా అందులో ఉన్నదున్నట్టు వర్ణించాడు. మా అయ్యకి మీసం నేదన్న మనిషి ఇతనేనా అని జగ్గమ్మ అతని మొహంలోకి చూసింది.

మనవరాలు భానుమతికి కలకత్తాలోనే, సాల్ట్ లేక్‌లో ఉద్యోగం. తెలుగు చదవడం రాదుగానీ చరిత్ర అంటే పిచ్చి. రెండువేల ఆరు దుర్గాపూజల్లో పేట క్లబ్బువాళ్లు పాత కుటుంబాల ఫొటోల ప్రదర్శన, దానికో పోటీ పెడితే, 'దొరలనెదిరించిన జాలరి' అని రాయించి ముత్తాతను అక్కడ నిలబెట్టింది.

మర్నాడు పరితోష్ బాబు అనే రిటైరైన ట్రామ్ కండక్టరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ ఫొటోలో ఉన్నది తన తండ్రి అన్నాడు. ఊరూరా తిరిగి ఆడే బెంగాలీ జాత్రా నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడట. ఆ తలపాగా నాటకాల కంపెనీది. తన కళ్ల ముందే ఫొటో తీయించుకుని, దాన్ని తెచ్చుకోకుండానే పెళ్లాన్నీ పిల్లాణ్ణీ వదిలి ఆ నాటకాలవాళ్లతోనే వెళ్లిపోయాడట. పనికిమాలినవాడని ఒక్క మాటలో తేల్చేశాడు.

జగ్గమ్మకు రోషం వచ్చింది. "మా మావని ఏటీ అనకండి దాదా," అంది వచ్చీరాని బెంగాలీలో.

భానుమతి నిలదీస్తే జరిగింది జరిగినట్టు చెప్పేసింది, సిగ్గేమీ పడలేదు. మనవరాలే సిగ్గుపడి ఫొటో తిరిగిచ్చేస్తామంది.

పరితోష్ బాబు వద్దన్నాడు. "మా ఇంట్లో ఓ నెల నిలవలేదమ్మా. మీ గోడమీద ఇన్నేళ్లు కదలకుండా ఉన్నాడు. ఉండనివ్వండి."

ఆ తర్వాత కాస్త మొహమాటంగా, దొర టోపీ సంగతేమిటని అడిగాడు. జగ్గమ్మ చెప్పింది, ఈసారి దొరకు రెండు చెంపదెబ్బలు కలిపి. అరవై దాటిన మనిషి నోరు తెరుచుకుని విన్నాడు.

ఆయన వెళ్లాక బైరాగి మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మా అయ్య మొకం గేపకం రాట్నేదే," అన్నాడు చివరికి. "ఈపు గేపకముంది. వల బుజానేసుకుని ఎల్తంటే ఎనకాల్నించి సూసీవోణ్ణి. ఈపుమీద తాడు ఒరుసుకున్న మచ్చ."

జగ్గమ్మ ఆ వీపుకు ఏ కథా కలపలేదు. మచ్చ ఏ పక్కనుండేదని మాత్రం అడిగింది. కుడిపక్కన అన్నాడు.

ఫొటో కింది మాటలు మార్చమని భానుమతి క్లబ్బుకు వెళ్లింది. మొదటి బహుమతి అప్పటికే ఆ జాలరికి ప్రకటించేశామని, ఇప్పుడు మార్చితే పరువు పోతుందని వాళ్లు ఒప్పుకోలేదు. బహుమతిగా స్టీలు ఫ్లాస్కు ఒకటి చేతిలో పెట్టి పంపారు.

విజయదశమి నాడు పరితోష్ బాబు మిఠాయి పట్టుకొచ్చాడు. చేపల పులుసుతో అన్నం పెట్టి, వెళ్లేటప్పుడు జగ్గమ్మ ఆ ఫ్లాస్కు ఆయన చేతికిచ్చింది.

"మీ నాయన సంపాదించిందే దాదా. అట్టుకెల్లండి."